నైరా నుంచి ఆర్థికశాస్త్రానికి: ఒక ఎంపిక వెనుక ఉన్న లెక్క

నైరా వ్యవసాయ కళాశాలలో నాలుగేళ్ళ బి.యస్సీ. పూర్తిచేసిన విద్యార్థిని ఒకరు, పీజీ కౌన్సెలింగ్‌లో వృక్ష ప్రజననశాస్త్రం, సేద్య విజ్ఞానశాస్త్రం సీట్లు ఖాళీగా ఉండగానే వ్యవసాయ ఆర్థికశాస్త్రాన్ని కోరుకుంటే, ఆమెకు మొదట ఎదురయ్యే ప్రశ్న "ఎందుకు?" అన్నదే. ఇంటి దగ్గర తండ్రి "నాలుగేళ్ళు పంటల సదువు సదివి ఇప్పుడీ లెక్కలేటమ్మా?" అంటాడు. కళాశాలలో అధ్యాపకులు అంత సూటిగా అనకపోయినా, మంచి ర్యాంకు వృథా అయిందన్న భావం వారి ముఖాల్లో దాగదు. విత్తనం, నేల, నీరు, తెగులు అనేవి శాస్త్రమనీ, ధర, కూలి, కౌలు, అప్పు అనేవి ఆ శాస్త్రం ముగిశాక మిగిలే వ్యవహారమనీ వ్యవసాయ కళాశాలల్లో పాతుకుపోయిన అభిప్రాయం ఒకటి ఉంది. సేద్య విభాగాల్లో పనిచేసేవారే ఈ అభిప్రాయాన్ని ఎక్కువగా పెంచి పోషించారన్నది ఒప్పుకోవలసిన మాట.

ఈ ప్రశ్న అడిగే విశ్వవిద్యాలయం ఎవరి పేరు పెట్టుకున్నదో ఒకసారి గుర్తుచేసుకోవడం మంచిది. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంగా మొదలై 1996లో ఆచార్య ఎన్.జి. రంగా పేరును స్వీకరించిన సంస్థ ఇది. రంగా ఆక్స్‌ఫర్డ్‌లో చదివినది ఆర్థికశాస్త్రం. మద్రాసు పచ్చయప్ప కళాశాలలో ఆయన బోధించినదీ అదే. అటువంటివారి పేరున ఉన్న ప్రాంగణంలో ఒక రైతు బిడ్డ ఆర్థికశాస్త్రం ఎంచుకోవడం విడ్డూరంగా కనబడటమే అసలైన విడ్డూరం.

విద్యార్థులు చెప్పే జవాబులు పలురకాలు. బ్యాంకుల్లో వ్యవసాయ అధికారి కొలువు, గ్రూప్స్ పరీక్షలు, నాబార్డు, విత్తన కంపెనీల్లో మార్కెటింగు ఉద్యోగం. ఇవేవీ తప్పు జవాబులు కావు. శ్రీకాకుళం, విజయనగరం వంటి వలస జిల్లాల్లో కొలువు గురించి ఆలోచించే విద్యార్థిని తక్కువ చేసి మాట్లాడే హక్కు నెలజీతం అందుకునే ఆచార్యులకు లేదు. అయితే ఏటా కొద్దిమంది మరొక జవాబు చెబుతారు. అది సాధారణంగా రావెప్ అని పిలుచుకునే గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం నుంచి తిరిగివచ్చాక పుట్టిన జవాబు. పరిశీలించవలసింది దానినే.

రావెప్‌లో విద్యార్థి ఒక గ్రామంలో ఉండి, ఒక రైతు వెంట నడిచి, ఆ రైతు ఖర్చులనూ రాబడినీ పట్టికలో నింపాలి. తరగతిలో వరి దిగుబడిని ఎలా పెంచాలో మూడేళ్ళు చదివిన విద్యార్థికి, దిగుబడి పెరిగిన రైతు చేతిలో మిగిలినది ఎందుకు పెరగలేదో అక్కడ మొదటిసారి ఎదురవుతుంది. రైతు లెక్క గోడమీది క్యాలెండరులో ఉంటుంది. ఊడ్పు కూలీలకు ఇచ్చినది ఒక తేదీ కింద, ఎరువుల దుకాణంలో పెట్టిన బాకీ ఇంకొక తేదీ కింద. సగం లెక్క ఇల్లాలి నోట ఉంటుంది. ఇంటివాళ్ళు చేసిన పనికి కూలి ఎంత అని పట్టికలో ఒక గడి ఉంటుంది. ఆ గడి దగ్గర రైతు నవ్వి ఊరుకుంటాడు. ఆ గడిలో సున్న వేస్తే రైతు లాభంలో ఉంటాడు, ఊళ్ళో నడుస్తున్న కూలి రేటు వేస్తే నష్టంలో ఉంటాడు. ఒకే మనిషి, ఒకే పొలం, ఒకే పంట. ఈ తేడాను గమనించి నిద్రపట్టని విద్యార్థి ఆర్థికశాస్త్రం అడిగితే ఆశ్చర్యపడవలసింది లేదు.

సేద్య విజ్ఞానశాస్త్రంలో వెలువడే పరిశోధన వ్యాసాల్లో దిగుబడి పట్టికకు చివర ఆదాయ వ్యయ నిష్పత్తి అని ఒక వరుస ఉంటుంది. రెండు మూడేళ్ళు కష్టపడి పిలకలు లెక్కించి, గింజ బరువు తూచి, నత్రజని గ్రహణాన్ని విశ్లేషించిన పరిశోధకుడు ఆ చివరి వరుసను ఒక సాయంత్రంలో పూర్తిచేస్తాడు. ధర దగ్గర మద్దతు ధర వేస్తాడు. కూలి దగ్గర పరిశోధన కేంద్రం చెల్లించే రేటు వేస్తాడు. కౌలు దగ్గర ఏమీ వేయడు, ఎందుకంటే పరిశోధన కేంద్రానికి కౌలు లేదు. ఉదాహరణకు ఎకరానికి ఖర్చు 100 పాళ్ళు, రాబడి 160 పాళ్ళు అనుకుంటే నిష్పత్తి 1.6 వస్తుంది, ఆ పద్ధతి సిఫారసుకు అర్హమవుతుంది. అదే పొలాన్ని కౌలుకు చేసేవాడు 40 పాళ్ళు కౌలు కట్టవలసివస్తే ఖర్చు 140 అయి నిష్పత్తి 1.14కు దిగుతుంది. ఒక్క వాన తప్పితే ఆ 0.14 కూడా ఉండదు. ఉత్తరాంధ్ర పల్లపు భూముల్లో నోటిమాట కౌలుమీద సాగుచేసేవారు ఎంతోమంది ఉండగా, సిఫారసు మాత్రం సొంత భూమి, సొంత పెట్టుబడి ఉన్న రైతును చూసి తయారవుతున్నది. మద్దతు ధర నిర్ణయానికి వాడే ఏ2 వ్యయంలో చెల్లించిన కౌలు చేరుతుంది నిజమే, కాని అది రాష్ట్ర సగటులో కలిసిపోయాక ఏ కౌలుదారు భారాన్నీ చూపలేదు.

యూరియా సంగతి ఇంకా ముచ్చటైనది. సిఫారసుకు మించి యూరియా వేసే రైతును విస్తరణ సభల్లో అవగాహన లేనివాడిగా చిత్రించడం అలవాటైపోయింది. 45 కిలోల బస్తా రూ. 266.50. అందులో 46 శాతం నత్రజని అంటే 20.7 కిలోలు. కిలో నత్రజని ఖరీదు సుమారు 13 రూపాయలు. 2025-26కు సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు రూ. 2,369, అంటే కిలో 24 రూపాయలకు కొంచెం తక్కువ. కాబట్టి చివరగా వేసిన కిలో నత్రజని అర కిలోకు కాస్త పైగా ధాన్యం అదనంగా ఇస్తే చాలు, దాని ఖర్చు తిరిగివచ్చినట్లే. కళ్ళంలో దళారికి కిలో 20 రూపాయల చొప్పున తెగనమ్ముకున్నా 650 గ్రాములు సరిపోతాయి. ప్రతిస్పందన వక్రరేఖ దాదాపు చదునుగా మారే దాకా యూరియా వేయడం ఆ ధరల్లో అవివేకం కాదు. నేల ఆరోగ్యం, దోమపోటు, చెరువు నీటిలో కలిసే నైట్రేటు రైతు జేబులెక్కలో తక్షణం కనబడవు. ఇక్కడ సమస్య ఉన్నది ధరలో. "యూరియా తగ్గించండి" అన్న బోధన ఏళ్ళ తరబడి ఎందుకు చెవికెక్కలేదో తెలుసుకోవడానికి ఉపాంత రాబడి అన్న ఒక్క భావన చాలు, దానిని బి.యస్సీ. విద్యార్థులందరూ చదువుతారు, పరీక్ష రాస్తారు, విస్తరణ వేదిక ఎక్కేటప్పటికి మరచిపోతారు. థియొడార్ షుల్ట్జ్ 1964లో ప్రచురించిన గ్రంథంలో, సంప్రదాయ రైతు పేదవాడే కాని తనకున్న వనరులను వాడుకోవడంలో అసమర్థుడు కాడని వాదించాడు. ఆ వాదనమీద తర్వాత విమర్శలు చాలా వచ్చాయి. అయినా రైతును తప్పుపట్టే ముందు అతని ధరలను చూడాలన్న క్రమశిక్షణను అది నేర్పింది.

ఈ రెండు జిల్లాల్లో ఆర్థికశాస్త్రం అవసరాన్ని గోగు చెప్పినంత స్పష్టంగా మరే పంటా చెప్పదు. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన కేంద్రం జనుము, గోగు నార పంటలమీద దశాబ్దాలుగా పనిచేస్తున్నది. అక్కడినుంచి ఏ.ఎం.వి. శ్రేణి గోగు రకాలు వచ్చాయి. హెక్టారుకు 20 క్వింటాళ్ళకు పైగా నార ఇవ్వగల సామర్థ్యం పరిశోధన క్షేత్రాల్లో రుజువైంది. విత్తే సమయం, మొక్కల సాంద్రత, మోతాదు ఎరువు, మొదలుకుళ్ళు నివారణ అన్నీ తేలాయి. సేద్యపరంగా అపరిష్కృతంగా మిగిలినది తక్కువే. ఒకనాడు ఉత్తరాంధ్ర మెట్ట భూముల్లో వర్షాధారపు ప్రధాన వాణిజ్య పంటగా ఉండి, నెల్లిమర్ల, చిట్టివలస వంటి చోట్ల జనుపనార మిల్లుల పట్టణాలను నిలిపిన గోగు, అయినా ఏటేటా వెనక్కు తగ్గి ఇవాళ ఆనవాలుగా మిగిలింది.

ఎందుకు తగ్గిందో మొక్కలో వెతికితే దొరకదు. గోగును పూత దశలో కోసి, కట్టలు కట్టి, ఆకు రాల్చి, గెడ్డలోనో చెరువులోనో రెండు మూడు వారాలు ఊరబెట్టాలి. ఆ తరువాత మనిషి నడుములోతు మురుగు నీటిలో నిలబడి కాడ కాడకూ నార ఒలవాలి. కుళ్ళిన నీటి వాసన, చర్మానికి దురద, రోజంతా తడి. ఈ పనికి ఊళ్ళో మనుషులు దొరికినంతకాలం, ఆ కూలి తక్కువగా ఉన్నంతకాలం గోగు నిలిచింది. విశాఖపట్నం, హైదరాబాదు, చెన్నై నిర్మాణ పనులు ఆ మనుషులను తీసుకుపోయాయి. చెరువుల్లో చేపల పెంపకం వేలాలు వచ్చాక ఊరబెట్టనిచ్చే నీరు కరువైంది. ప్లాస్టిక్ సంచి చౌకగా దొరకడంతో నారకు గిరాకీ పడింది. జనుపనార సంచుల వాడకాన్ని తప్పనిసరి చేస్తూ 1987లో కేంద్రం చట్టం చేసినా, ఆ రక్షణ బెంగాల్ జనుముకు అందినంతగా ఉత్తరాంధ్ర గోగుకు అందిందా అన్నది విడిగా పరిశోధించదగిన ప్రశ్న. నాలుగో కారణం అందరి కళ్ళముందే ఉన్నా ఎవరూ పట్టించుకోనిది. ఊరు విడిచివెళ్ళిన భూయజమానికి కూలీలను వెంటబడి పిలవనవసరం లేని పంట కావాలి. అందుకే గోగు చేలు సరుగుడు, నీలగిరి తోటలయ్యాయి. నీరున్నచోట మొక్కజొన్న వచ్చింది. నీలగిరి వేసినవాడు భూసారాన్ని లెక్కచేయనివాడని సేద్య శాస్త్రవేత్త అనుకుంటాడు. ఆ యజమాని లెక్క వేరు: విశాఖలో ఉద్యోగం చేసుకుంటూ ఏడాదికి రెండుసార్లు వచ్చిపోయి చేయగల సేద్యం ఏది?

ఈ నాలుగు కారణాల్లో ఏది ఎంత భారం మోసిందో ఎవరైనా కొలిచి ఉంటే, పరిశోధన దిశ మరోలా ఉండేదేమో. దిగుబడిని మరో రెండు క్వింటాళ్ళు పెంచే రకం కంటే, ఒక మనిషి పనిదినానికి ఎక్కువ నార ఒలిచే యంత్రంమీద, తక్కువ నీటితో ఊరబెట్టే పద్ధతిమీద ఇరవై ఏళ్ళ ముందే ఎక్కువ శ్రద్ధ పెట్టి ఉండవచ్చు. ఆ పనులు జరగలేదని కాదు. పచ్చికాడ బెరడు ఒలిచే యంత్రాలు వచ్చాయి, సూక్ష్మజీవులతో ఊరబెట్టే విధానాలూ వచ్చాయి. రైతు పంటను వదిలేశాక వచ్చాయి. హెక్టారుకు దిగుబడి అన్న కొలమానాన్ని పట్టుకున్నవారికి, రైతు కొలమానం పనిదినానికి రాబడిగా మారిన సంగతి ఆలస్యంగా తెలిసింది.

చోడి కథ దీనికి చిన్న తోక. విజయనగరం పరిశోధన కేంద్రం నుంచి భారతి, శ్రీచైతన్య, వేగావతి వంటి మేలైన చోడి రకాలు వచ్చాయి. 2025-26లో చోడి మద్దతు ధర క్వింటాలుకు రూ. 4,886, ధాన్యం ధరకు రెట్టింపుకన్న ఎక్కువ. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రపంచమంతా జరుపుకుంది. అయినా చోడిచేలు పాతరోజుల విస్తీర్ణానికి తిరిగి రాలేదు. కాగితంమీది ధరకూ కళ్ళంలో పలికే ధరకూ మధ్య ఏముందో చెప్పడం ప్రజననశాస్త్రం పని కాదు.

ఉద్దానం నుంచి వచ్చిన విద్యార్థుల ప్రశ్న ఇంకొక విధమైనది. అది కాలానికి సంబంధించినది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో కొబ్బరి, జీడి తోటలు వేళ్ళతో లేచిపోయాయి. వరి పోతే రైతు ఒక కారు నష్టపోతాడు. దేశవాళీ పొడవు కొబ్బరి పోతే, కొత్త మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. జీడి అంటు త్వరగా పూసినా చెప్పుకోదగ్గ దిగుబడికి అంతే కాలం. పరిహారం కొబ్బరికి చెట్టు లెక్కన వచ్చింది. చెట్టుకు ఇంత అని నిర్ణయించడంలో ఆ చెట్టు ఇక ఇవ్వబోని ఏళ్ళ విలువ ఎంత అన్న లెక్క ఇమిడి ఉండాలి. ఏడేళ్ళ తరువాత చేతికి రాబోయే వంద రూపాయలకు, ఏటా 12 శాతం వడ్డీ చొప్పున చూస్తే నేటి విలువ 45 రూపాయలు. అదే రైతు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి బతుకుతున్నవాడైతే, ఏడాదికి 24 శాతం చొప్పున, ఆ వంద నేడు 22 రూపాయలతో సమానం. ఒకే మొక్కను, ఒకే సాగు పద్ధతిని ఇద్దరికీ సిఫారసు చేస్తే, బ్యాంకు అప్పు దొరికినవాడు నాటుతాడు, దొరకనివాడు నాటడు. నాటనివాడిని విస్తరణ నివేదిక "ఆసక్తి చూపని రైతు" అని రాస్తుంది.

అదే ఉద్దానంలో జీడిపిక్కలు 80 కిలోల బస్తా లెక్కన అమ్ముడవుతాయి. బస్తాలో పప్పు బరువు నాలుగో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. పలాస పరిశ్రమలు ఆఫ్రికా దేశాల పిక్కలనూ దిగుమతి చేసుకుంటాయి. కాబట్టి మందసలో చెట్టుకింద పిక్క ఏరుకునే రైతు బేరం పశ్చిమాఫ్రికా రైతుతో ముడిపడి ఉంది. మద్దతు ధర లేని ఈ పంటలో ఏ నెలలో పిక్క అమ్మాలి, ఎంతకాలం నిల్వ పెట్టాలి, రైతు సంఘంగా పప్పు ఆడించుకుంటే ఎంత మిగులుతుంది అన్న ప్రశ్నలకు జవాబు చెప్పగలవారు ఊళ్ళో లేరు. టీ మస్కిటో దోమకు ఏ మందు కొట్టాలో చెప్పగలవారు మాత్రం ఉన్నారు. రెండూ కావాలి, రెండోది చదివే విద్యార్థిని ఎవరూ ఎందుకని అడగరు.

ఇక్కడ ఒక విషయం ప్రత్యేకంగా చెప్పదగినది. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం తొలివిడతగా 2006లో విజయనగరం జిల్లాలో మొదలైంది. శ్రీకాకుళం 2007లో రెండో విడతలో చేరింది. ఒకే నైసర్గిక స్థితి, ఒకే వానకాలం, దాదాపు ఒకే పంటలున్న రెండు పక్కపక్క జిల్లాలు, మధ్య ఒక ఏడాది తేడా. పొలంలో ఎరువు వేసిన మడి, వేయని మడి అని విడదీసి ప్రయోగం చేసే సేద్య శాస్త్రవేత్తకు ఇది చిరపరిచితమైన ఏర్పాటు. ఆ ఏడాదిలో విజయనగరంలో ఊడ్పు కూలి ఎంత మారింది, శ్రీకాకుళంలో ఎంత మారింది, వెదజల్లే వరి ఏ వైపు ముందు పెరిగింది? పథకంవల్ల కూలీలు దొరకడం లేదన్న రైతు ఫిర్యాదును, కూలికి గౌరవం పెరిగిందన్న కూలీల మాటనూ రెండింటినీ తూచగల అవకాశం ఆ ఒక్క ఏడాదిలో ఉంది. ప్రపంచమంతటా ఆర్థికశాస్త్రవేత్తలు ఇటువంటి సందర్భాలకోసం వెతుక్కుంటారు. ఇక్కడి విద్యార్థికి అది బస్సు దూరంలో దొరికింది.

సొంత ఊరిని ప్రశ్నగా మార్చుకునే చదువు కొత్తదేమీ కాదు. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్ర ఆచార్యుడిగా వచ్చిన గిల్బర్ట్ స్లేటర్, దేశాన్ని పుస్తకాల్లో చదివి లాభం లేదని గ్రహించి, ప్రశ్నావళి చేతికిచ్చి విద్యార్థులను సెలవుల్లో వారి వారి గ్రామాలకే పంపాడు. ఆ సర్వేలు 1918లో గ్రంథంగా వచ్చాయి. తెలుగు నేలలోని ఊనగట్ల కూడా ఆ గ్రామాల్లో ఒకటి. అవే గ్రామాలను తరువాతి తరాల పరిశోధకులు తిరిగి సర్వే చేశారు. 1975 నుంచి ఇక్రిశాట్ పాలమూరు జిల్లా ఔరేపల్లి, దోకూరుల్లో రైతు కుటుంబాల లెక్కలు సేకరించినదీ ఈ బాటలోనే. రంగా తానూ ఆంధ్ర డెల్టా గ్రామాల ఆర్థిక వ్యవస్థమీద 1920లలో పుస్తకం రాశారు. 1938లో ఆంధ్ర రైతు సంఘం 130 రోజులపాటు 1,500 మైళ్ళకు పైగా సాగించిన యాత్ర శ్రీకాకుళం జిల్లా కొసనున్న ఇచ్ఛాపురం నుంచి మొదలై మద్రాసు చేరింది. దారిపొడవునా సేకరించిన రైతుల అర్జీలు శాసనసభ ముందుకు వెళ్ళాయి. శిస్తు ఎంత, అప్పు ఎంత, జమీందారు వసూలు ఎంత అన్న వివరాలు ఊరూరా అడిగి తెలుసుకోకుండా ఆ అర్జీలు పుట్టవు. అర్థశాస్త్రం చదివినవారు రైతుల మధ్య ఏమి చేయగలరో చూపిన సంఘటన అది, ఈ నేలమీదనే జరిగింది.

ఇంత చెప్పినా, వ్యవసాయ ఆర్థికశాస్త్ర విభాగాలు ఈ విద్యార్థులను ఎలా మలుస్తున్నాయన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఇంటి దగ్గరి గోగు చేను ఎందుకు నీలగిరి తోటయిందో తెలుసుకోవాలని వచ్చిన విద్యార్థి, రెండేళ్ళ తరువాత "పంటల విస్తీర్ణ వృద్ధిరేటు, అస్థిరత" అన్న సిద్ధాంత వ్యాసంతో బయటికి వస్తాడు. గణాంక శాఖ ప్రచురణల్లోని అంకెలు కంప్యూటరులో వేస్తే వృద్ధిరేట్లు వస్తాయి. రైతుల సమస్యలను గారెట్ ర్యాంకింగుతో వరుసపెడితే "అధిక కూలి ధర" మొదటి స్థానంలో నిలుస్తుంది. ఆ సంగతి రైతు పట్టిక లేకుండానే చెప్పగలడు. తప్పు విద్యార్థిది కాదు. ఒక్క పంటకాలంలో, చేతిలో ప్రయాణ ఖర్చులు లేకుండా, అరవై తొంభై మంది రైతులను కలిసి పత్రం సమర్పించవలసిన నిబంధనలో అంతకుమించి చేయడం కష్టం. వ్యవసాయ కళాశాలల్లో ఆర్థికశాస్త్రం చిన్నచూపుకు గురికావడానికి సేద్య విభాగాల అహంకారం ఎంత కారణమో, ఇటువంటి పలుచని వ్యాసాలు అంతే కారణం.

మార్పుకు పెద్ద నిధులేమీ అవసరం లేదు. వ్యవసాయ ఆర్థికశాస్త్రంలో పీజీ చేస్తున్న ఉత్తరాంధ్ర విద్యార్థి సలహా సంఘంలో సేద్య శాస్త్రవేత్త ఒకరు, సేద్య విద్యార్థి సంఘంలో ఆర్థికశాస్త్రవేత్త ఒకరు పేరుకు కాక పనికి ఉండాలి. సేద్య ప్రయోగాల్లో ఆదాయ వ్యయ నిష్పత్తిని మూడు విధాల లెక్కించాలి: సొంతదారుకు, కౌలుదారుకు, కుటుంబ శ్రమకు కూలి కట్టి. ధరగా మద్దతు ధరను కాక, ఆ నెలలో ఆ మండలంలో రైతు చేతికి వచ్చిన ధరను వేయాలి. సాగు ఖర్చుల సమగ్ర పథకం 1970-71 నుంచి దేశంలో నడుస్తున్నది. ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని నిర్వహించేది ఈ విశ్వవిద్యాలయమే. క్షేత్ర సిబ్బంది గ్రామాల్లో ఉండి కుటుంబాల లెక్కలు రాసే ఆ పథకం అనుభవాన్ని రావెప్ విద్యార్థులకు కనీసం ఒక వారం నేర్పడానికి అడ్డేమిటో తెలియదు. పాత రావెప్ రికార్డుల సంగతి మరీ విచారకరం. ఏళ్ళ తరబడి వందలమంది విద్యార్థులు నింపిన రైతు పట్టికలు మార్కులు వేయగానే అటకెక్కాయి. అదే రైతు కుటుంబాన్ని అయిదేళ్ళకోసారి మళ్ళీ కలిసి ఉంటే, శ్రీకాకుళం, విజయనగరం గ్రామాలకు తమవైన ఔరేపల్లి ఈపాటికి ఉండేది.

ఒక అభ్యంతరం న్యాయమైనది. అందరూ లెక్కలు చదివితే విత్తనం ఎవరు చేస్తారు, కొత్త తెగులు వచ్చినప్పుడు రైతు ఎవరిని అడుగుతాడు? తరగతిలో నూటికి నలుగురైదుగురు ఆర్థికశాస్త్రం కోరుకున్నంత మాత్రాన ఆ ప్రమాదం రాదు. ప్రమాదం ఉన్నది ఆ నలుగురైదుగురు సీటు మిగిలిందని వచ్చినవారైనప్పుడు. కోరి వచ్చిన విద్యార్థినికి "నీ ర్యాంకుకు ఇది తగదు" అని చెప్పి పంపితే, ఆమె ప్రజననశాస్త్రంలో మరొక మంచి రకం తయారు చేస్తుంది. ఆ రకం ఎందుకు చేలోకి రాలేదో పదిహేనేళ్ళ తరువాత సమీక్షా సమావేశంలో ఎవరూ చెప్పలేక, వ్యాప్తి లోపమని రాసి ముగిస్తారు. అటువంటి సమావేశాలు ఇప్పటికే చాలా జరిగాయి.

వచ్చే ఖరీఫ్‌లో ఆమదాలవలసలో గోగు ప్రయోగాలు మళ్ళీ వేస్తారు. క్షేత్ర రిజిస్టరులో మొక్క ఎత్తు, మొదలు చుట్టుకొలత, నార దిగుబడి రాయడానికి గడులు ఉంటాయి. వాటి పక్కన మరి మూడు గడులు గీయవచ్చు: నార ఒలవడానికి పట్టిన గంటలు, ఆ రోజు ఊళ్ళో నడిచిన కూలి, ఊరబెట్టిన నీరు ఎవరిది. వాటిని నింపడానికి ఒక విద్యార్థిని కావాలి. ఆమె ఈసారి కౌన్సెలింగ్‌లో ఏ సీటు అడుగుతుందో, అడిగినప్పుడు ఎదుట కూర్చున్నవారు ఏమంటారో చూడాలి.